కుక్కకి ఫ్లీస్ (బొచ్చులో పరుగెత్తే, దూకే పురుగులు) పడితే ఏం వాడాలి: మాత్రా, చుక్కల మందా, బెల్టా?

మీరు అడిగింది ఇదీ: మూడేళ్ళ లాబ్రడార్, 28 కిలోలు. రెండు నెలలుగా తోక మొదట్లో కొరుక్కుని కొరుక్కుని అక్కడ బొచ్చంతా ఊడిపోయింది. పౌడర్ కొట్టారు, షాంపూ పోశారు, మెడకి బెల్టు కట్టారు, ఒకసారి వీపు మీద చుక్కల మందు కూడా వేశారు. ఏది వాడినా పది రోజులు నెమ్మదిస్తుంది, మళ్ళీ మొదలు. ఇంట్లో ఒక పిల్లి ఉంది, ఏడాదిన్నర పాప ఉంది. ఏ మందు మంచిది, మాత్రలు ప్రమాదం అంటున్నారు నిజమేనా, కట్టిన బెల్టు ఉంచాలా తీసేయాలా అని.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా చదువుకోండి. మీ ఇంటికైతే నేను నమిలే మాత్రే రాస్తాను. అఫాక్సోలానర్ గానీ సారోలానర్ గానీ అయితే నెలకొకటి, ఫ్లూరాలానర్ అయితే పన్నెండు వారాలకొకటి. మీ కుక్కకి ఇంతకు ముందు ఎప్పుడూ ఫిట్స్ వచ్చి ఉండకూడదు, అదొక్కటే గట్టి షరతు. అదే రోజు పిల్లికి పిల్లుల మందు విడిగా వేయాలి. కనీసం మూడు నెలలు మధ్యలో ఆపకూడదు. ఇంకో మాట, మీరు వేసిన చుక్కల మందు పని చేయలేదని నేను అనుకోవడం లేదు. అది తన పని తాను చేసుకుపోతుంటే మీరు పదో రోజుకే చాలించారు, అంతే.

నేను గుంటూరులో క్లినిక్ పెట్టి ఇరవై ఏళ్ళు కావస్తోంది, అంతకు ముందు కొన్నాళ్ళు పల్లెటూరి పశువుల ఆసుపత్రిలో గేదెలు, మేకలు చూశాను. వానలు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా నా దగ్గరికి వచ్చే కుక్కల్లో ఎక్కువ భాగం గోకుడు కేసులే. వాళ్ళలో చాలామంది సరిగ్గా మీలాగే సంచీలో నాలుగు రకాల డబ్బాలు పట్టుకుని వస్తారు.

మందు కంటే ముందు, అవి ఫ్లీసేనా చూడండి. మన దగ్గర కుక్క మీద ఏ పురుగు కనపడినా గోమారి అనో పిడుదు అనో అనేస్తాం. కానీ గోమారి, అంటే టిక్, వేరు. అది చెవి మడతల్లో, వేళ్ళ సందుల్లో, మెడ కింద చర్మాన్ని పట్టుకుని కదలకుండా ఉంటుంది, రక్తం తాగి తాగి ఆముదం గింజలా ఉబ్బుతుంది. ఫ్లీ అలా కాదు. ఆవగింజంత ముదురు గోధుమరంగు పురుగు, పక్కలనుంచి నొక్కినట్టు పల్చగా ఉంటుంది, బొచ్చు పాయ తీయగానే సర్రున పరుగెత్తి మాయమవుతుంది, లేదా ఎగిరి దూకుతుంది. చాలాసార్లు పురుగు కంటికి దొరకదు, దాని మలం మాత్రం దొరుకుతుంది. ఎలాగో చెప్తాను. నేల మీద తెల్ల పంచె ముక్క పరిచి కుక్కని దాని మీద నిలబెట్టి, నడుం నుంచి తోక దాకా పేల దువ్వెనతో బొచ్చుకి ఎదురు దువ్వండి. మిరియప్పొడిలాంటి నల్ల రవ్వ రాలుతుంది. మామూలు దుమ్మా, ఫ్లీస్ మలమా తెలియాలంటే ఆ గుడ్డ మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి ఒక నిమిషం ఆగండి. దుమ్మైతే దుమ్ములాగే ఉంటుంది. ఫ్లీస్ మలమైతే ఒక్కో రవ్వ చుట్టూ ఎర్రగా, తుప్పు రంగులో మరక పాకుతుంది, ఎందుకంటే అదంతా అరిగిన మీ కుక్క రక్తమే. క్లినిక్‌లో నేను తడిపిన దూది మీద ఇదే చేసి చూపిస్తాను. "మా కుక్కకి పురుగులా? అసలు లేవండీ, వారం వారం స్నానం చేయిస్తాం" అన్నవాళ్ళు కూడా ఆ దూది చూశాక ఇంకేమీ మాట్లాడరు.

మీరు చెప్పిన చోటు, తోక మొదలు, తొడల వెనక భాగం, అచ్చంగా ఫ్లీస్ చోటే. చెవుల అంచుల మీదో మోచేతుల మీదో బొచ్చు ఊడి చర్మం గరుకు తేలుతుంటే అది గజ్జి కావచ్చు, దానికి లెక్క వేరు, చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూడాలి. మీది అలా అనిపించడం లేదు. ఇంకో గుర్తు కూడా ఉంది. మలద్వారం దగ్గరో, పడుకున్న చోటో, బియ్యపు గింజల్లాంటివి ఎండిపోయి కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. కుక్క కొరుక్కునేటప్పుడు ఫ్లీని మింగేస్తే దాంతోపాటే ఆ పురుగు కడుపులోకి వెళ్తుంది. అవి కనపడితే ప్రాజిక్వాంటెల్ ఉన్న నులిపురుగుల మాత్ర కూడా వేయించాలి, మామూలు నులిపురుగుల మందుల్లో కొన్నిటికి ఇది లొంగదు.

ఇప్పుడు పది రోజుల సంగతి. చాలామందికి తెలియనిది, మందుల షాపువాళ్ళు చెప్పనిది ఇక్కడే ఉంది.

కుక్క ఒంటి మీద మీరు చూసే ఫ్లీస్ మొత్తం సంతానంలో సుమారుగా నూటికి అయిదు వంతులు. మిగతా తొంభై అయిదూ కుక్క మీద లేవు, మీ ఇంట్లో ఉన్నాయి: గుడ్లుగా, పిల్ల పురుగులుగా, గూడు కట్టుకున్న ప్యూపాలుగా. ఆడ ఫ్లీ కుక్క మీదకి ఎక్కి రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో గుడ్లు మొదలుపెడుతుంది, మంచి ఊపు మీద ఉంటే రోజుకి నలభై యాభై పెడుతుంది. పేల ఈపుల్లా ఆ గుడ్లు వెంట్రుకకి అంటుకోవు, జారిపోతాయి. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ ఒళ్ళు దులుపుకుంటే అక్కడ రాలతాయి. వాటితో పాటే ఆ నల్ల రవ్వా రాలుతుంది, పుట్టిన పిల్ల పురుగులకి అదే తిండి. తల్లి గుడ్లతో పాటు క్యారేజీ కూడా కట్టి పంపిస్తుందన్నమాట. ఆ పిల్లలకి వెలుతురు పడదు, సోఫా కిందకి, చాప మడతల్లోకి, గోనెసంచి పోగుల్లోకి పాకిపోతాయి. తర్వాత చుట్టూ పట్టులాంటి గూడు కట్టుకుంటాయి, ఆ గూడుకి దుమ్ము అంటుకుని దుమ్ముముద్దలా ఉంటుంది. ఆ గూట్లో ఉన్నదాన్ని ఏ మందూ చంపలేదు. మీరు ఇంట్లో ఏం స్ప్రే కొట్టినా సరే. పైగా అది తొందరపడదు. వేడి, అడుగుల కదలిక, ఊపిరి గాలి తగిలేదాకా వారాలు, ఒక్కోసారి నెలలు కూడా లోపలే కూర్చుంటుంది. సెలవులకి ఊరెళ్ళి నెల తర్వాత తలుపు తీసినవాళ్ళ కాళ్ళని గుంపుగా కుట్టేది అందుకే.

కాబట్టి మీరు చుక్కల మందు వేసినప్పుడు ఒంటి మీదవి చచ్చాయి. పది రోజుల తర్వాత గూళ్ళలోంచి కొత్తవి వచ్చి ఎక్కాయి. మీరు "మందు పని చేయలేదు" అని ఆపేశారు. నిజానికి అవి కూడా ఒకటి రెండు రోజుల్లో చచ్చేవే, గుడ్లు పెట్టేలోపు. ఇంట్లో ఉన్న సరుకంతా అలా కుక్క మీదకి ఎక్కి చచ్చి ఖాళీ అయ్యేదాకా వేస్తూనే ఉండాలి, అందుకు రెండు మూడు నెలలు పడుతుంది. మన కుక్కే వలలాగా పని చేస్తుంది అనుకోండి.

ఒక గోల్డెన్ రిట్రీవర్ కేసు చెప్తాను. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు, కిందకి దిగేది రోజుకి రెండుసార్లు, అదీ సిమెంటు రోడ్డు మీద. ఆ ఇంటాయన ఆరు వారాల్లో నాలుగు మందులు మార్చాడు, నేను రాసింది రెండోది. నా మందు కూడా పని చేయలేదని మూడోది ఇంకెవరినో అడిగి వేశాడు, నాలుగోది ఆన్‌లైన్‌లో తెప్పించాడు. చివరికి మళ్ళీ నా దగ్గరికే వచ్చి "మీ మందులన్నీ నకిలీవండీ" అన్నాడు. ఓ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో ఎయిర్ కూలర్, దాని ఎదురుగా మూడు సీట్ల సోఫా, సోఫా వెనక కుక్క పగలంతా పడుకునే చోటు. సోఫా సీటు ఎత్తి, మడతల్లో వేలు పెట్టి గీస్తే తెల్లటి ఉప్పులాంటి గుడ్లు, నల్ల రవ్వ, వాటి మధ్య నూలు ముక్కల్లా కదులుతున్న పిల్ల పురుగులు. కూలర్ చెమ్మ వాటికి బాగా పడింది. పొడిగాలిలో ఆ పిల్ల పురుగులు బతకవు, చెమ్మ ఉంటే పండగే. ఆ రోజు చెప్పాను, మందు మార్చొద్దు, ఉన్నదే కొనసాగించండి, సోఫా సంగతి చూడండి అని. ఎనిమిదో వారానికి దువ్వెనకి ఏమీ తగల్లేదు.

సరే, మందుల దగ్గరికి వద్దాం. మీరు వాడినవాటినే తీసుకుంటాను.

షాంపూ: ఆ పూట ఒంటి మీద ఉన్నవి కొట్టుకుపోతాయి. సాయంత్రానికి కొత్తవి ఎక్కుతాయి. ఎనిమిది వారాల లోపు కూనలకి చాలా మందులు వేయలేం కాబట్టి వాటికి ఎక్కువగా స్నానం, దువ్వెనే దిక్కు. పెద్ద కుక్కకి ఇదొక్కటే నమ్ముకుంటే లాభం లేదు. పైగా చుక్కల మందు వేశాక మర్నాడే షాంపూ పోస్తే మందు పాడవుతుంది, ఈ పొరపాటు ఇంటింటా చూస్తాను.

పౌడర్: పాప ఉన్న ఇంట్లో వద్దు. కుక్క నాకుతుంది, పాప కుక్కని కౌగిలించుకుని అదే చేతులు నోట్లో పెట్టుకుంటుంది.

చుక్కల మందుల్లో తేడాలు చాలా ఉన్నాయి, అట్టపెట్టె మీద బొమ్మ కాదు, లోపలి మందు పేరు చదవండి. ఫిప్రోనిల్ ఉన్నది (ఫ్రంట్‌లైన్ లాంటివి) ఫ్లీస్‌కీ గోమార్లకీ పనికొస్తుంది, చర్మంలోని నూనె గ్రంథుల్లో చేరి అక్కడినుంచి నెమ్మదిగా ఒళ్ళంతా పాకుతుంది. దాంతోపాటు ఎస్-మెథోప్రీన్ కలిసి ఉంటే ఇంకా మంచిది, అది గుడ్లని పొదగనివ్వదు. ఇమిడాక్లోప్రిడ్ ఒక్కటే ఉంటే ఫ్లీస్ చస్తాయి గానీ గోమార్లు చావవు, మన ఊళ్ళలో అది సగం పనే. ఇమిడాక్లోప్రిడ్‌తో పెర్మెత్రిన్ కలిపినది రెండిటినీ చంపుతుంది, కుట్టకముందే తరుముతుంది కూడా, చెట్లూ పొలాలూ తిరిగే కుక్కకి నేనే ఇష్టంగా రాస్తాను. కానీ మీ ఇంట్లో అది వద్దే వద్దు, పిల్లి ఉంది కాబట్టి.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఒక రాత్రి పదకొండింటికి ఒకావిడ బుట్టలో పిల్లిని పెట్టుకుని వచ్చింది. చెవులు అదురుతున్నాయి, మొహం మీద చర్మం ఎగిరెగిరి పడుతోంది, కాసేపటికి ఒళ్ళంతా కరెంటు కొట్టినట్టు వణుకు. ఏం పెట్టారమ్మా అంటే ఏమీ పెట్టలేదంది. మెడ దగ్గర బొచ్చు జిడ్డుగా ఉంది. తీరా అడిగితే, చిన్న కుక్కకి తెచ్చిన చుక్కల మందు ట్యూబులో కాస్త మిగిలింది, పారేయడం ఎందుకని పిల్లికి వేసిందట. పెర్మెత్రిన్. పిల్లి కాలేయం దాన్ని అరిగించుకోలేదు. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్‌తో మూడుసార్లు కడిగి, కండరాలు సడలే మందు, సెలైన్ పెట్టి రెండు రాత్రులు కూర్చోబెట్టుకుంటే బతికింది. బతకనివి కూడా చూశాను. పిల్లికి వేయకపోయినా, కుక్కకి వేసి అది ఆరకముందే పిల్లి దాని పక్కన పడుకున్నా, నాకినా ఇదే గతి. కుందేలు ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, కుందేలుకి ఫిప్రోనిల్ కూడా విషమే, దాని దగ్గరికి రానివ్వకండి.

చుక్కలు వేసే పద్ధతి కూడా సగంమందికి తప్పే. బొచ్చు మీద పోస్తారు, మందంతా బొచ్చుకే అంటుకుని ఎండిపోతుంది. రెండు భుజాల ఎముకల మధ్య, నాలుక అందని చోట, బొచ్చు రెండు పక్కలకీ పాయలా విడదీసి తెల్లటి చర్మం కనపడ్డాక ట్యూబు మొన చర్మానికి ఆనించి నొక్కాలి. వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజులు స్నానం లేదు.

ఇక మాత్రలు. బ్రవెక్టో అంటే ఫ్లూరాలానర్, నెక్స్‌గార్డ్ అంటే అఫాక్సోలానర్, సింపారికా అంటే సారోలానర్. పేర్లు వేరైనా అన్నీ ఒకే కుటుంబం, పురుగు నరాల మీద పని చేస్తాయి. మీ ఇంటికి ఇవి ఎందుకు నప్పుతాయంటే మందు కుక్క రక్తంలో ఉంటుంది, బొచ్చు మీద ఏమీ ఉండదు. పాప కుక్క మీద దొర్లినా, పిల్లి కుక్కని నాకినా భయం లేదు. మర్నాడే స్నానం చేయించినా మందు ఎక్కడికీ పోదు. ఒక రోజులో ఒంటి మీది ఫ్లీస్ దాదాపు అన్నీ చస్తాయి, గోమార్లూ చస్తాయి. లోపం ఏమిటంటే పురుగు కుట్టి రక్తం తాగితేనే చస్తుంది, కుట్టకుండా ఆపదు. అందుకే మాత్ర వేశాక కూడా అడపాదడపా ఒక ఫ్లీ కనపడుతుంది. కంగారు పడకండి, అది ఆ పూట అతిథే.

ఇప్పుడు మీరు విన్న ప్రమాదం మాట. పూర్తిగా పుకారు కాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 సెప్టెంబర్‌లో ఈ కుటుంబం మందులన్నిటి గురించీ ఒక హెచ్చరిక ఇచ్చింది: కొన్ని కుక్కల్లో కండరాల వణుకు, నడక తూలడం, ఫిట్స్ రావొచ్చు అని. అలాగని వాటిని నిషేధించలేదు, చాలా కుక్కలకి క్షేమమేనని అదే నోటితో చెప్పింది. నా అనుభవంలోనూ అంతే, వందల కుక్కలకి వేశాను, ఎక్కువగా చూసింది ఒక పూట వాంతి, ఒక రోజు తిండి తగ్గడం. కానీ ఒక కేసు నా తప్పే. ఈ మాత్రలు మన దగ్గరికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక బీగిల్‌కి పన్నెండు వారాల మాత్ర రాశాను. ఫిట్స్ ఉన్నాయా అని అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు, చెప్పాలని వాళ్ళకేం తెలుసు? మూడో రోజు పొద్దున్నే ఫోన్, కుక్క నేల మీద పడి కాళ్ళు కొట్టుకుంటోందని. తీరా కనుక్కుంటే చిన్నప్పుడు రెండుసార్లు అలా వచ్చిందట. ఫిట్స్ మందు పెట్టాం, కోలుకుంది. కానీ ఒకసారి కడుపులోకి వెళ్ళిన మాత్రని వెనక్కి తీసుకోలేం కదా, వారాల తరబడి రక్తంలో ఉంటుంది, ఆ వారాలన్నీ ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు, నాకూ లేదు. అప్పట్నుంచి చీటీ రాయకముందు మొదటి ప్రశ్న అదే. ఫిట్స్ వచ్చిన కుక్కకి ఈ మాత్రలు రాయను, ఫిప్రోనిల్ చుక్కలతో సరిపెడతాను. ఇంకొకటి, మొదటిసారి వాడే కుక్కకి నెల మాత్రతోనే మొదలుపెడతాను, పడిందని తెలిశాక కావాలంటే మూడు నెలలదానికి వెళ్ళొచ్చు. ఇది నా అలవాటు, అందరు డాక్టర్లూ ఇలాగే చేయాలని లేదు.

బరువు ఊహించి కొనకండి. మీరు తూకం మీద నిలబడి చూసుకుని, కుక్కని ఎత్తుకుని మళ్ళీ నిలబడి తేడా తీయండి, 28 కిలోల లాబ్రడార్‌ని ఎత్తడం మీ నడుం మీద ఆధారపడి ఉంటుందనుకోండి, లేదంటే ఏ క్లినిక్‌లోనైనా తూకం వేస్తారు. ఒక్కో మందుకి బరువుల గీతలు వేరు. 28 కిలోలకి ఫ్లూరాలానర్ అయితే 20–40 కిలోల మాత్ర, అఫాక్సోలానర్ అయితే 25–50 కిలోలది. ఖరీదు కలిసొస్తుందని పెద్ద మాత్ర కొని ముక్కలు చేసి రెండు కుక్కలకి పంచేవాళ్ళున్నారు, వద్దు. ముక్కల్లో మందు సమానంగా ఉంటుందన్న భరోసా లేదు, ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ పడుతుంది. ఫ్లూరాలానర్ అన్నంతో పాటు పెట్టండి, ఖాళీ కడుపున పెడితే సరిగ్గా ఒంటికి పట్టదు. పెట్టాక ఒక గంట కనిపెట్టి ఉండండి, చాటుగా కక్కేసే కుక్కలుంటాయి.

ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు, "ఒక్క సూదితో పోతాయి, చవక" అని. ఫ్లీస్ మీద అది పెద్దగా పని చేయదు. కోలీ జాతి కుక్కలకైతే ప్రాణం మీదకే వస్తుంది, వాటిలో చాలావాటికి ఆ మందుని మెదడులోకి పోకుండా ఆపే శక్తి పుట్టుకతోనే ఉండదు.

అలాగే పశువుల మందులు. గేదెలకి గోమార్ల కోసం నీళ్ళలో కలిపి పోసే డెల్టామెత్రిన్, అమిట్రాజ్ లాంటివి. పల్లెటూళ్ళో పని చేసినప్పుడు నేనూ గేదెలకి లీటర్ల కొద్దీ వాడించాను. కానీ మూత లెక్కన బకెట్లో పోసి పొమరేనియన్‌ని ముంచితే ఏమవుతుందో కూడా చూశాను: చొంగ కారుతూ, నిలబడలేక తూలుతూ, ఒళ్ళు చల్లబడిపోయి తెచ్చారు. మందుల షాపులో ఎవరో "ఒక మూత చాలు" అన్నారట, ఎన్ని నీళ్ళకి అన్నది ఎవరూ అడగలేదు. అమిట్రాజ్‌ని గజ్జికి డాక్టర్లే వాడతారు, సరైన కొలతతో, నాకకుండా ఆరేదాకా కాపలా కాసి. షుగర్ ఉన్న కుక్కకి, చూలుతో ఉన్నదానికి, కూనలకి అది వద్దు. ఒకప్పటి గమాక్సిన్ పొడి ఇంకా అటక మీద దాచుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. అది నిషేధించిన మందు, తీసి పారేయండి.

ఇంటి చిట్కాల మీద నాకు కోపం లేదు. వేపాకు నీళ్ళతో స్నానం చేయిస్తే హాని లేదు, కాస్త మంట తగ్గుతుందేమో, ఫ్లీస్ మాత్రం పోవు. పసుపు రాస్తే కుక్క పచ్చగా అవుతుంది, అంతకు మించి ఏమీ లేదు. కర్పూరం, కిరోసిన్, ఫినాయిల్ మాత్రం జోలికి పోకండి. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, మిగతా రెండూ నాకితే విషం.

ఇల్లు. ఇక్కడ మందుల కంటే మీ ఓపిక ఎక్కువ పని చేస్తుంది. కుక్క పడుకునే గోనెసంచి, పాత దుప్పటి ఉంటే సంచిని కాల్చేయండి, దుప్పటిని వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతికి ఎర్రటి ఎండలో ఆరేయండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే సోఫా మడతలు, మంచం కింద, గోడ మూలలు రెండు రోజులకోసారి. దాని కదలికకే గూళ్ళలోవి లేచి బయటికొస్తాయి, అదీ మనకి కావలసిందే. సంచిలో పోగైన దుమ్ము ఇంట్లో ఉంచకుండా వెంటనే బయటికి. వాక్యూమ్ లేనివాళ్ళు తడిగుడ్డతో తుడవడం కంటే ముందు చీపురుతో మూలలు గట్టిగా ఊడవాలి, చెమ్మ వాటికి ఇష్టం కదా. మెట్ల కింద, నీళ్ళ ట్యాంకు పక్కన, కారు కింద, కుక్క మధ్యాహ్నం చల్లదనం కోసం వెతుక్కునే చోట్లన్నీ చూడండి. ఇంట్లో ఇంకా ఉన్నాయా లేదా తెలుసుకోవడానికి ఒక చిన్న పని: రాత్రి దీపాలన్నీ ఆర్పేసి, నేల మీద ఒక వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి నాలుగు చుక్కల సబ్బు లిక్విడ్ వేసి, దాని మీదుగా చిన్న టేబుల్ లైటు వేసి వదిలేయండి. ఆ వెలుగూ వేడీ చూసి దూకినవి సబ్బునీళ్ళలో మునిగిపోతాయి. పొద్దున్న లెక్క పెట్టుకోండి. దీంతో ఇల్లు శుభ్రం కాదు, వారం వారం అంకె తగ్గుతోందో లేదో తెలుస్తుంది. పళ్ళెం పాపకి అందని గదిలో పెట్టండి.

గోమార్ల గురించి కూడా ఒక ముక్క, మీరు ఫ్లీస్ అడిగినా సరే. మన వాతావరణంలో కుక్కల ప్రాణం తీసేది ఫ్లీస్ కాదు, గోమార్లే. అవి ఎర్లీకియా, బబీసియా అనే రోగాలు అంటిస్తాయి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కునుంచి రక్తం కారడం, మూత్రం కాఫీ రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా పురుగుల మందు సంగతి తర్వాత, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. మాత్ర ఎంచుకోవడానికి నాకు ఇది ఇంకో కారణం, ఒక్క దెబ్బకి రెండూ పోతాయి.

మీ కుక్క తోక దగ్గర బొచ్చు ఊడేంతగా కొరుక్కుంటోందంటే దానికి ఫ్లీ ఉమ్మి పడని అలర్జీ కూడా ఉండొచ్చు. అలాంటి కుక్కకి వందలు అక్కర్లేదు, ఒకటి రెండు కుట్టినా చాలు, వారాల పాటు గోక్కుంటుంది. అంచేత మాత్ర వేసిన వారానికి ఇంకా గోక్కుంటోందని మందు మీద నమ్మకం పోగొట్టుకోకండి. చర్మం ఎర్రగా తడితడిగా ఉన్నా, వాసన వస్తున్నా డాక్టరుకి చూపించి దురదకి, చీముకి వేరే మందు రాయించుకోండి, అవి తగ్గితేనే దానికి నిద్ర పడుతుంది. మనుషుల అలర్జీ మాత్రలు మీ అంతట మీరు వేయొద్దు.

పిల్లి గోక్కోవడం లేదు కదా అని వదిలేయకండి. పిల్లి రోజంతా నాక్కుంటూ ఫ్లీస్‌ని మింగేస్తుంది, అందుకని మనకి కనపడవు, కుక్కకి మందు వేసి పిల్లిని వదిలేస్తే ఆ వలకి పెద్ద కన్నం పెట్టినట్టే. పిల్లుల కోసమే తయారైన సెలమెక్టిన్ చుక్కలు గానీ, ఫిప్రోనిల్ చుక్కలు గానీ నెలనెలా వేయించండి. పెట్టె మీద పిల్లులకేనని రాసి ఉందో లేదో, పిల్లి బరువుకి సరిపోయేదో కాదో రెండూ చూడండి.

ఇక బెల్టు. కొన్ని బెల్టులు నిజంగానే పని చేస్తాయి, ఇమిడాక్లోప్రిడ్, ఫ్లూమెత్రిన్ ఉన్నది ఏడెనిమిది నెలలు కాస్తుంది, రెండు వేళ్ళు పట్టేంత సందుతో చర్మానికి తగిలేలా కట్టాలి. మీరు కొన్నది నూట యాభై రూపాయలదంటున్నారు, అందులో ఏ మందు ఉందో పేరే లేదంటున్నారు. అదే సమాధానం. అసలు మంచి బెల్టైనా మీ పాప వయసులో నేను కట్టించను, ఆ వయసు పిల్లలు కుక్కని మెడ దగ్గరే పట్టుకుంటారు, బెల్టు అంచు నోట్లో పెట్టుకుంటారు. ఈ రాత్రే కత్తిరించి తీసేయండి, మెడ చుట్టూ చర్మం ఎర్రగా ఉందేమో టార్చి వేసి చూడండి, తర్వాత బెల్టుని ముడి వేసి కవర్లో కట్టి పెద్ద చెత్తడబ్బాలో వేయండి, వంటింటి బుట్టలో కాదు, పాప తీస్తుంది.